కొలిమిని తరలించవచ్చు, పొగను తరలించలేము



లేవీయకాండం 16వ అధ్యాయం మీలో చాలామంది చదివే ఉంటారు. ప్రాయశ్చిత్త దినాన యిస్రాయేలు ప్రజలు ఎలా నడచుకోవాలో అది చెబుతుంది. ఆ రోజున ప్రధాన యాజకుడు ఒక మేకపోతు తలపై రెండు చేతులు ఉంచేవాడు. ప్రజల దోషాలన్నిటినీ బిగ్గరగా ఒప్పుకొని, వాటిని ఆ మేక తలమీద మోపేవాడు. ఆ తరువాత ఒక మనిషి దానిని ఎడారిలోకి తోలుకొనిపోయి వదలి వచ్చేవాడు. ప్రజలు చూస్తుండగానే వారి పాపభారం కొండల అవతలకు వెళ్ళి కనుమరుగయ్యేది.

ఆ అధ్యాయంలో మనం గమనించకుండా దాటిపోయే మాటలు రెండు ఉన్నాయి. మొదటిది, మేకను పంపిన రోజున ప్రజలందరూ ఉపవాసముండి తమ్ముతాము తగ్గించుకోవాలి. మేక వెళ్ళిపోయింది గదా అని విందు చేసుకోవడానికి వీలులేదు. రెండవది, మేకను పంపవలసిన చోటు మనుషులెవరూ నివసించని చోటు. ఇంకొకరి ఊరిలోకి దానిని తోలమని ప్రభువు చెప్పలేదు.

ఈ వారం ఈ రెండు మాటలను మనసులో ఉంచుకొని ఒక సంగతిని ఆలోచిద్దాం. ఈ కాలంలో మనం ఎడారికి తోలుతున్న మేక ఒకటి ఉంది. అది పెద్ద పెద్ద కర్మాగారాల పొగ.

ఒక సరస్సు కథ

జర్మనీలో డార్ట్‌మండ్ అనే నగరం ఉంది. అందులో హోర్డే ఒక పేట. 1841లో అక్కడ ఇనుము కరిగించే కర్మాగారం వెలిసింది. నూట అరవై ఏళ్ళు ఆ పేటకు అదే అన్నం పెట్టింది. తాత వెళ్ళిన గేటులో నుంచే తండ్రి, తండ్రి వెళ్ళిన గేటులో నుంచే కొడుకు పనికి వెళ్ళారు. 2001లో అది మూతపడింది. యజమానులు తమ ఉక్కు తయారీని రైన్ నది ఒడ్డునున్న డ్యూయిస్‌బర్గ్‌లోని కర్మాగారాలకు కుదించుకున్నారు.

మూతపడిన కర్మాగారాన్ని చైనాలోని షాగాంగ్ అనే ఉక్కు సంస్థ కొనుక్కుంది. సుమారు వెయ్యిమంది చైనా కార్మికులు డార్ట్‌మండ్ వచ్చారు. అక్కడే మకాం వేసి, ఆ మహా కట్టడాన్ని మర మర విప్పి, ప్రతి ముక్కకు గుర్తు వేసి, పెట్టెలలో సర్ది ఓడ ఎక్కించారు. రెండున్నర లక్షల టన్నుల సామగ్రి అలా సముద్రాలు దాటి వెళ్ళి, యాంగ్సీ నది సముద్రంలో కలిసే ప్రాంతానికి దగ్గరగా తిరిగి లేచి నిలబడింది.

హోర్డేలో ఖాళీ అయిన నేలను తవ్వి, 2010 అక్టోబరు నుంచి నీరు నింపారు. ఇప్పుడు అక్కడ 24 హెక్టార్ల సరస్సు ఉంది. దాని చుట్టూ అందమైన ఇళ్ళు, కాఫీ హోటళ్ళు, నడక బాటలు వచ్చాయి. సాయంకాలం పిల్లలు పడవలు చూస్తూ ఆడుకొంటారు. దగ్గరలో ఒక పాత ఉక్కు పాత్రను జ్ఞాపకంగా నిలబెట్టారు.

గాలి శుభ్రపడినందుకు ఆ పేటవారు సంతోషించడంలో తప్పేమీ లేదు. వారి పిల్లల ఊపిరితిత్తులకు అది నిజమైన మేలు. కాని ఒక ప్రశ్న మిగిలిపోతుంది. కొలిమి వెళ్ళిపోయింది, సరే. పొగ ఎక్కడికి పోయింది?

రెండు రకాల పొగ

కర్మాగారం గొట్టం నుంచి వచ్చేదంతా ఒకే రకం కాదు. అందులో మసి, దుమ్ము, గంధకపు వాయువు ఉంటాయి. ఇవి ఆ చుట్టుపక్కల ఊళ్ళ మీద ఎక్కువగా పడతాయి. ఆరవేసిన బట్టలను నల్లబరచేవి, దగ్గు తెప్పించేవి ఇవే. కర్మాగారం తరలిపోతే ఇవి కూడ చాలావరకు ఆ ఊరిని వదలి పోతాయి.

ఇంకొకటి కంటికి కనబడనిది. అది కార్బన్ డయాక్సైడ్ అనే బొగ్గుపులుసు వాయువు. ఇనుప ఖనిజంలో ఇనుము ప్రాణవాయువుతో గట్టిగా ముడిపడి ఉంటుంది. కొలిమిలో వేసే బొగ్గు వేడికోసం మాత్రమే కాదు, ఆ ముడిని విప్పి ప్రాణవాయువును లాగివేయడానికి కూడ. అలా లాగినదే బొగ్గుపులుసు వాయువుగా బయటకు వస్తుంది. ఈ పద్ధతిలో ఒక టన్ను ఉక్కు చేస్తే రెండు టన్నులకు పైగా ఈ వాయువు గాలిలో కలుస్తుంది.

దీనికి ఊరు లేదు, దేశం లేదు. డార్ట్‌మండ్‌లో లేచినా, యాంగ్సీ ఒడ్డున లేచినా కొద్దికాలంలోనే భూగోళమంతటా పరచుకుంటుంది. అందులో గణనీయమైన భాగం వందల ఏళ్ళు అక్కడే నిలిచి ఉంటుంది. భూమి వేడెక్కడం, వానలు అదను తప్పడం, సముద్రమట్టం పెరగడం, ఇవన్నీ ఈ మొత్తం ఎంత అనే దానిమీద ఆధారపడతాయి. ఎక్కడ లేచింది అనే దానిమీద కాదు. మన ఇంటి చెత్తను గోడ అవతలికి విసిరితే మన వాకిలి శుభ్రపడుతుంది. కాని ఊరంతటికీ ఒకే బావి ఉన్నప్పుడు, చెత్తను ఏ పక్కనుంచి అందులో వేసినా తాగవలసింది ఆ నీరే గదా.

తరలింపు అన్నిసార్లూ తప్పేనా?

తొందరపడి తీర్పు చెప్పకూడదు. కర్మాగారం కదలినప్పుడు ఆకాశానికి చేరే మొత్తం పెరగవచ్చు, తగ్గవచ్చు, ఏమీ మారకపోవచ్చు. అది మూడు సంగతులను బట్టి ఉంటుంది. కొత్తచోట మండేది ఏమిటి? కొత్త కొలిమి పాతదానికన్నా మెరుగైనదా? ముడిసరుకును, తయారైన సరుకును ఎంత దూరం మోయాలి?

చైనా రాజధాని బీజింగ్ పడమటి అంచున 1919లో స్థాపించిన షౌగాంగ్ ఉక్కు కర్మాగారం ఉండేది. 2008 ఒలింపిక్ క్రీడలకు ముందు నగరపు గాలిని బాగుచేయాలని, దానిని అక్కడ నుంచి తరలించాలని 2005లో నిర్ణయించారు. 2010 చివరికి అక్కడ ఉక్కు కరిగించడం ఆగిపోయింది. హెబెయ్ రాష్ట్రంలో త్సావోఫెయ్‌డియన్ అనే చోట, సముద్రాన్ని పూడ్చిన నేలమీద కొత్త కర్మాగారం కట్టారు. కొత్త కొలుములు పెద్దవి, ఆధునికమైనవి. రేవు పక్కనే ఉండటంవల్ల ఖనిజాన్ని రైళ్ళమీద దూరం మోయనక్కరలేదు. కాబట్టి టన్ను ఉక్కుకు అయ్యే ఇంధనం తగ్గడానికి అక్కడ దారి ఏర్పడింది. బీజింగ్ ప్రజలకు మేలు జరిగింది. 2022 శీతాకాల ఒలింపిక్స్‌లో పాత కర్మాగారపు శీతలీకరణ గోపురాల పక్కన మంచు క్రీడలు జరిగాయి.

కాని మూలం మారలేదు. అక్కడా ఖనిజాన్ని కరిగించింది బొగ్గే. పైగా టన్నుకు కొంత ఆదా అయినా, టన్నుల సంఖ్య విపరీతంగా పెరిగింది. 2000లో చైనా దేశమంతా కలిసి చేసిన ఉక్కు సుమారు 13 కోట్ల టన్నులు. 2020లో అది 100 కోట్ల టన్నులు దాటింది. కుండకు ఉన్న చిల్లిని కొంచెం చిన్నది చేసి, అలాంటి కుండలు ఎనిమిది పెట్టుకుంటే నేల తడవకుండా ఉంటుందా?

ఇంకొక ఉదాహరణ ఆశ కలిగించేది. అల్యూమినియం తయారీకి కరెంటే ప్రధానం. ఒక్క టన్నుకు సుమారు 14,000 యూనిట్లు కావాలి. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి అది దాదాపు ఆరేళ్ళకు వచ్చే కరెంటు. చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో ఆ కరెంటును బొగ్గుతో చేసేవారు. అక్కడి పెద్ద అల్యూమినియం సంస్థ ఒకటి 2019లో, ఏటా 20 లక్షల టన్నులు తయారుచేసే తన ఏర్పాటును నైరుతి దిక్కున ఉన్న యున్నాన్ రాష్ట్రానికి తరలించడానికి ఒప్పందం చేసుకుంది. యున్నాన్‌లో కరెంటు చాలావరకు నదుల నీటినుంచి వస్తుంది. బొగ్గు కరెంటుకు బదులు నీటి కరెంటు వాడితే టన్ను అల్యూమినియంకు పది టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. ఇక్కడ తరలింపు నిజంగానే ఆకాశానికి మేలు చేయగలదు.

అయితే 2022, 2023 సంవత్సరాలలో యున్నాన్‌లో వానలు తగ్గి, జలాశయాలు ఎండి, ఆ కర్మాగారాలకు కరెంటు కోత పెట్టవలసి వచ్చింది. పైగా, షాన్‌డాంగ్‌లో ఖాళీ అయిన బొగ్గు కేంద్రాలు ఆగకుండా ఇంకొకరి కోసం మండుతూ ఉంటే, తగ్గిందనుకున్నది కాగితం మీదే తగ్గుతుంది. మారవలసింది చిరునామా కాదు, నిప్పు.

పద్దు ఎవరిది?

సోదరీ సోదరులారా, ఇక్కడే మనస్సాక్షికి సంబంధించిన అసలు విషయం వస్తుంది. 1997లో జపాన్‌లోని క్యోటో నగరంలో దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. అది 2005లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ధనిక దేశాలు తమ వాయువులకు ఒక హద్దు పెట్టుకున్నాయి. ఆ లెక్క ఎలా వేశారంటే, పొగ ఏ దేశంలో లేచిందో ఆ దేశపు పద్దులో రాశారు. ఆ పొగవల్ల తయారైన వస్తువు ఎవరి ఇంటికి చేరిందో ఆ పద్దులో రాయలేదు.

అందువల్ల ఏమి జరుగుతుంది? ఒక దేశం తన కొలిమిని ఆర్పివేసి, అదే ఉక్కును బయటనుంచి కొనుక్కుంటే దాని పద్దు తెల్లగా కనబడుతుంది. తయారుచేసి ఇచ్చిన దేశపు పద్దు నల్లబడుతుంది. ప్రపంచంలో లేచే ఈ వాయువులో ఇంచుమించు ఐదోవంతు ఒక దేశంలో తయారై మరొక దేశంలో వాడే వస్తువులకు సంబంధించినదని పరిశోధకులు లెక్కగట్టారు. ఒకరు తింటుంటే మరొకరి పేర బిల్లు రాసినట్లు ఇది.

దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ అనే విశ్వలేఖలో ఈ సంగతిని తడిమారు. ఉత్తర దేశాలు దక్షిణ దేశాలకు పర్యావరణ విషయంలో ఋణపడి ఉన్నాయని, సొంత దేశంలో చేయడానికి సాహసించని పనులను కొన్ని సంస్థలు పేద దేశాలలో చేస్తున్నాయని వారు బాధపడ్డారు.

ఈ లోపాన్ని సవరించడానికి ఐరోపా సమాఖ్య ఒక మార్గం తెచ్చింది. బయటనుంచి వచ్చే ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు మొదలైన వాటి తయారీలో లేచిన వాయువుకు సరిహద్దులో వెల కట్టే ఏర్పాటు అది. 2026 జనవరి 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. పొగను తరలించి తప్పించుకోలేకుండా చేయడం దాని ఉద్దేశం. అది మంచిదే. కాని నూట యాభై ఏళ్ళు స్వేచ్ఛగా బొగ్గు కాల్చి బాగుపడినవారు, నిన్నగాక మొన్న కొలిమి పెట్టుకున్న వారి మీద సుంకం వేయడం న్యాయమా అని మన దేశం అడిగింది. ఆ ప్రశ్నలోనూ సత్యం ఉంది.

ఎడారిలో మనుషులున్నారు

2024 సెప్టెంబరు నెలను జ్ఞాపకం చేసుకుందాం. ఆ నెల 30వ తేదీన బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో, పోర్ట్ టాల్బట్ అనే ఊరిలో చివరి బ్లాస్ట్ ఫర్నేసును ఆర్పివేశారు. దాని స్థానంలో, పాత ఇనుప తుక్కును కరెంటుతో కరిగించే కొలిమి రావలసి ఉంది. ఆ మార్పులో 2,000కు పైగా ఉద్యోగాలు పోయాయి. దానికి పది రోజుల ముందు, అదే సంస్థ ఒడిశాలోని కళింగనగర్‌లో భారతదేశంలోకెల్లా పెద్దదైన బ్లాస్ట్ ఫర్నేసును వెలిగించింది. వేల్స్ కొలిమిని విప్పి ఒడిశాకు తెచ్చారని చెప్పడం సరికాదు. కళింగనగర్ ఉక్కు ముఖ్యంగా మన దేశ అవసరాలకే. మనిషికి సగటున మనం వాడే ఉక్కు ప్రపంచ సగటులో సుమారు సగమే. మనకు ఇంకా వంతెనలు కావాలి, రైళ్ళు కావాలి, ఆసుపత్రులు కావాలి. అయినా ఆకాశం దృష్టిలో చూస్తే, ఒకచోట ఆరింది, ఒకచోట వెలిగింది.

ఆ కళింగనగర్ నేల మనుషులు లేని ఎడారి కాదు. 2006 జనవరి 2న, ఉక్కు కర్మాగారం కోసం ప్రహరీ గోడ కడుతుండగా అడ్డుకున్న ఆదివాసుల మీద పోలీసు కాల్పులు జరిగి 13 మంది ప్రాణాలు కోల్పోయారు. ఒక పోలీసు కూడ చనిపోయాడు. పెద్ద పరిశ్రమ ఎక్కడికి కదలినా అక్కడ అప్పటికే ఎవరో ఒకరు గుడిసె వేసుకొని, పంట వేసుకొని, తమవారిని పాతిపెట్టుకొని ఉంటారు. కొలిమి ఆరిన చోటా కన్నీరే, వెలిగిన చోటా కన్నీరే అయితే, మధ్యలో లాభం చూసుకొనేవారు దేవుని ఎదుట ఏమి చెప్పుకొంటారు?

విశాఖపట్నం ఉక్కు కర్మాగారం మీద ఆధారపడిన కుటుంబాలు మన విచారణలలోనూ ఉన్నాయి. కొలిమి అంటే పొగ ఒక్కటే కాదని, పిల్లల ఫీజు, అమ్మాయి పెండ్లి, ముసలివారి మందులు అని ఆ కుటుంబాలకు తెలుసు. కాబట్టి ‘కర్మాగారాలు వద్దు’ అని మంచి బట్టలు కట్టుకొని చెప్పడం తేలిక. ‘ఈ కొలిమిని మంచి నిప్పుతో ఎలా నడపాలి? పనివారిని వీధిన పడేయకుండా ఎలా మార్చాలి?’ అని అడగడమే కష్టం. క్రైస్తవుడు అడగవలసింది ఆ కష్టమైన ప్రశ్ననే.

జక్కయ్య చేసిన పని

లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య మనకు దారి చూపుతున్నాడు. అతడు పన్నులు వసూలుచేసేవాడు. లెక్కలు తెలిసినవాడు. యేసు ప్రభువు తన ఇంటికి వచ్చినప్పుడు అతడు తన పాపాన్ని మరొకరి మీదకు తోయలేదు. ‘రోమా ప్రభుత్వం చేయమన్నది, నేను చేశాను’ అని తప్పించుకోలేదు. నిలబడి లెక్క చెప్పాడు. ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. పశ్చాత్తాపం అతని కన్నీళ్ళలో కాదు, పద్దు పుస్తకంలో కనబడింది. అప్పుడే ప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రకటించారు.

మన ఇళ్ళకు ఆ పద్దు ఎలా వర్తిస్తుంది? మూడు చిన్న సంగతులు చెబుతాను.

మొదటిది, వీధిలో ‘పాత ఇనుప సామాన్లు కొంటాం’ అని అరుస్తూ వచ్చే మనిషిని గౌరవించండి. ఖనిజం నుంచి ఉక్కు తీయడానికి లేచే వాయువులో, తుక్కును కరెంటు కొలిమిలో కరిగిస్తే లేచేది సుమారు మూడోవంతే. పాత అల్యూమినియం గిన్నెను కరిగించి కొత్తది చేయడానికి, ఖనిజం నుంచి చేయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యోవంతు చాలు. ఆ తోపుడుబండి అతను దేవుని సృష్టికి సేవకుడు. అతనితో అర్ధరూపాయికి గీచి గీచి బేరమాడకండి. అటకమీద తుప్పు పడుతున్న సామాను ఇచ్చివేయండి.

రెండవది, ఇల్లు కట్టేటప్పుడు గొప్పకోసం ఒక అంతస్తు ఎక్కువ వేయకండి. గుడి కట్టేటప్పుడు కూడ, పక్క విచారణ గోపురంకన్నా మన గోపురం ఎత్తుగా ఉండాలన్న పోటీ వద్దు. వాడని ప్రతి ఊచ, ఎక్కడో ఒకచోట లేవని పొగ. ఇది మనం పాటించవలసిన ఉపవాసం. ఆనాడు మేకను పంపిన రోజున ప్రజలు పాటించినది ఇలాంటిదే.

మూడవది, మీ ప్రాంతం నుంచి పొగ గొట్టం వెళ్ళిపోతే దేవునికి కృతజ్ఞతలు చెప్పండి. ఆ వెంటనే, అది ఎవరి ఊరికి వెళ్ళిందని అడగండి. మీ ప్రాంతానికి కొత్త కర్మాగారం వస్తుందంటే, ఉద్యోగాలు ఎన్ని అని మాత్రమే అడగకండి. అది ఏ నిప్పుతో నడుస్తుంది, ఎవరి నేల పోతుంది, వారికి ఏమి దక్కుతుంది అని గ్రామసభలోను, ప్రజాభిప్రాయ సేకరణ సభలోను లేచి నిలబడి అడగండి. అది రాజకీయం కాదు, పొరుగువాని ప్రేమ.

పాపసంకీర్తనానికి వెళ్ళినప్పుడు ‘స్వామీ, నా పాపాన్ని పక్కింటికి పంపించాను, ఇక నా ఇల్లు శుభ్రంగా ఉంది’ అని మనలో ఎవరం చెప్పం. అలా చెబితే మనకే నవ్వు వస్తుంది. పరిశ్రమల విషయంలో మాత్రం లోకం చాలాకాలంగా అదే మాట చెబుతూ వచ్చింది. దేవుని ఆకాశం ఒక్కటే. ఆయన సూర్యుడు అందరి మీద ఒకేలాగు ప్రకాశించినట్లే, మన పొగ కూడ అందరి తలలమీద ఒకేలాగు కమ్ముకుంటుంది.

ఎడారికి తోలిన మేక తిరిగి మన వాకిటికే వచ్చి నిలబడింది. దానిని మళ్ళీ ఎవరి వాకిటికి తోలాలా అని వెదకకుండా, మన నిప్పును, మన అలవాట్లను మార్చుకొనే ధైర్యాన్ని ప్రభువు మనకందరికీ దయచేయునుగాక. ఆమెన్.